బీమా ఏజెన్సీ పూర్తి పనిగా: మొదటి ఐదేళ్ల లెక్క, జరిగే తప్పులు

#1 కొత్తపలక
అందరికీ నమస్తే. మండల కేంద్రంలో ఉండి బీమా ఏజెన్సీనే పూర్తి పనిగా పెట్టుకుంటే ఇల్లు గడుస్తుందా? "నెలకో కేసు కొట్టినా చాలు బాబూ" అనే మీటింగు మాటలు వద్దు. పరీక్ష దగ్గర్నుంచి ఐదో ఏడు దాకా అసలు లెక్క కావాలి. ఎల్ఐసీ ఒక్కటే పట్టుకోవాలా, హెల్త్ కూడా కలపాలా? ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారు?

#2 ఓరుగల్లుకోట
పరీక్ష పెద్ద విషయం కాదు, ముందు అది తేల్చేద్దాం. 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. కంపెనీ ద్వారా 25 గంటల శిక్షణ, ఆ తర్వాత ఐసీ-38 పరీక్ష: గంటలో 50 ప్రశ్నలు, 35 శాతం వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. తెలుగులో రాయొచ్చు. కాకపోతే తెలుగు పుస్తకంలో అనువాదం కాస్త గ్రాంథికం. ప్రతి పదం పక్కన ఆఫీసులో వాడే ఇంగ్లీషు మాట రాసుకుని చదివితే పరీక్షకూ పనికొస్తుంది, తర్వాత బాండు (పాలసీ పత్రం) చదవడానికీ పనికొస్తుంది.

రూలు ప్రకారం ఒక ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీ, ఒక జనరల్ కంపెనీ, ఒక హెల్త్ కంపెనీ, మూడింటికీ పనిచేయొచ్చు. రెండు జీవిత బీమా కంపెనీలకు మాత్రం కుదరదు. ఒకటి వదిలి ఇంకోదానికి మారాలంటే పాతవాళ్లు సెసేషన్ సర్టిఫికెట్ (ఏజెన్సీ ముగిసిందనే కాగితం) ఇచ్చాక 90 రోజులు ఆగాలి. అందుకే మొదటి కంపెనీని కమిషన్ రేటు చూసి కాదు, బ్రాంచి ఎంత దూరమో చూసి ఎంచుకోండి. రివైవల్‌కి (ఆగిపోయిన పాలసీని మళ్లీ నడిపించడానికి) ఒకసారి, క్లెయిముకు ఒకసారి 60 కిలోమీటర్లు తిరిగేవాడు రెండో ఏడాదికి సర్వీసు మానేస్తాడు.

#3 లెక్కలమాస్టారు
ఆదాయం సంగతి. కమిషన్ ప్లాన్‌ని బట్టీ, ప్రీమియం కట్టే కాలాన్ని బట్టీ మారుతుంది కాబట్టి లెక్క కోసం మొదటి ఏడు 25 శాతం, తర్వాత ఏటా 5 శాతం అనుకుందాం. నెలకు రెండు పాలసీలు, ఒక్కోటి ఏడాదికి 30,000 ప్రీమియం. అంటే ఏడాదికి 24 పాలసీలు, 7,20,000 కొత్త ప్రీమియం, చేతికి 1,80,000. నెలకు 15,000. పెట్రోలు, ఫోను, టీలు, జిరాక్సులు తీసేస్తే 11 వేలు మిగిలితే గొప్ప. మొదటి ఏడాది ఇల్లు గడవదు అనేది ఇక్కడే తేలిపోయింది. ఆరు నుంచి ఎనిమిది నెలల ఖర్చు పక్కన పెట్టుకోకుండా ఉద్యోగం మానొద్దు.

ఇక అసలు తేడా రెన్యువల్స్‌లో, అంటే రెండో ఏడు నుంచి కట్టే ప్రీమియంలలో వస్తుంది. ఇద్దరు ఏజెంట్లు, ఇద్దరూ ఏటా అంతే కొత్త వ్యాపారం చేశారనుకోండి. మొదటివాడి పాలసీల్లో రెండో ఏడు 85 శాతం నిలిచాయి, తర్వాత 78, 72, 68, 65. రెండోవాడివి 60, 45, 38, 33, 30. ఆరో ఏడాది వచ్చేసరికి మొదటివాడికి ఒక్క రెన్యువల్ కమిషనే సుమారు 1,32,000. రెండోవాడికి 74,000. కష్టం ఒకటే, పెట్రోలు ఒకటే. ఏటా 58 వేల తేడా, అదీ పెరుగుతూ పోతుంది.

ఎంత శాతం పాలసీలు నిలిచాయనే దాన్నే ఆఫీసులో పర్సిస్టెన్సీ అంటారు. 13వ నెల, 25, 37, 49, 61వ నెల అని కొలుస్తారు. మీటింగుల్లో కొత్త వ్యాపారానికి దండలు వేస్తారు గానీ 61వ నెల అంకె ఎంతని ఎవరూ అడగరు. మీరు మీది రాసుకోండి.

#4 బెజవాడబండి
దండలూ, షీల్డులూ, స్టేజీ ఫొటోలూ. గోడకు బాగుంటాయి మాస్టారూ 😀

#5 గోదారిగట్టు
పాలసీలు ల్యాప్స్ కావడానికి (ప్రీమియం కట్టక ఆగిపోవడానికి) మొదటి కారణం డబ్బు లేకపోవడం అనుకుంటారు. చాలా కేసుల్లో గడువు తేదీ తప్పుగా పెట్టడమే కారణం. వరి రైతుకు జూలైలో ప్రీమియం పడితే ఏం కడతాడు? అప్పుడు నాట్ల ఖర్చులో ఉంటాడు. పత్తి రైతు చేతిలో డబ్బు ఆడేది ఏరిన పత్తి అమ్ముకున్నాక, డిసెంబరు, జనవరిల్లో. ఖరీఫ్ వరికీ దాదాపు అదే కాలం. రబీ అయితే ఏప్రిల్, మే. పాలసీ మొదలైన తేదీయే ఏటా గడువు తేదీ అవుతుంది కాబట్టి, ఆగస్టులో ప్రపోజల్ (పాలసీ దరఖాస్తు) ఇచ్చినా అదే ఆర్థిక సంవత్సరంలో వెనక్కి, అంటే ఏప్రిల్‌కో మేకో, డేట్ వేయించొచ్చు. సంక్రాంతికి డబ్బొచ్చే వాళ్లకి మాత్రం జనవరి దాకా ఆగడమే, కానీ అన్నాళ్లు కవర్ లేకుండా ఉంటారు. ఆ సంగతి ముందే చెప్పి, ఏది కావాలో వాళ్లనే ఎంచుకోమనాలి.

జీతగాళ్లకు నెలవారీ పెట్టి, బ్యాంకు నుంచి నేరుగా కోసే నాచ్ మాండేట్ తీసుకోండి. తేదీ 5 నుంచి 7 మధ్య. 28న పెడితే ఖాతాలో ఏమీ ఉండదు, బౌన్స్ చార్జీ పడుతుంది, తిట్లు మీకు పడతాయి. ఇంకో సంగతి, నెలవారీకి గ్రేస్ (గడువు తేదీ దాటాక కట్టుకోనిచ్చే సమయం) 15 రోజులే, మిగతా వాటికి 30. చాలామంది అన్నిటికీ 30 అనుకుంటారు.

#6 క్లెయిమ్‌డెస్క్
గోదారిగట్టు గారు చెప్పింది కట్టేటప్పటి సంగతి. నేను తీసుకునేటప్పటి సంగతి చెబుతాను, ఎందుకంటే ఊళ్లో ఏజెంటు పేరు నిలబడేదీ పోయేదీ క్లెయిము రోజునే.

ప్రపోజల్ ఫారం నింపడం అంటే టిక్కులు పెట్టడం కాదు. ఆరోగ్యం గురించిన ప్రశ్నలన్నిటికీ "నో, నో, నో" అని కొట్టుకుంటూ పోవడం చాలామందికి అలవాటు. "బీపీ ఉందా" అని అడగొద్దు, "లేదు" అంటారు. మాత్రతో అదుపులో ఉంటే వాళ్ల లెక్కలో లేనట్టే. "రోజూ ఏవైనా మాత్రలు వేసుకుంటారా? ఆ స్ట్రిప్ ఒకసారి చూపించండి" అనండి. స్ట్రిప్ చూసి రాయండి. ఎప్పట్నుంచి, ఏ డాక్టరు, ఎంత మోతాదు. బీడీ, చుట్ట, గుట్కా కూడా పొగాకే. మహా అయితే ప్రీమియం కాస్త పెరుగుతుంది. దాచిపెడితే మూడేళ్ల లోపు మరణించిన కేసులో దర్యాప్తు వస్తుంది, ఆసుపత్రి కేస్ షీట్‌లో "గత ఐదేళ్లుగా షుగర్" అన్న ఒక్క వాక్యం దొరికితే క్లెయిము పోతుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక కంపెనీ ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించలేదు. కానీ మధ్యలో ల్యాప్స్ అయి రివైవల్ చేస్తే ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలు. ఇది ఎవరూ చెప్పరు.

రెండోది పేర్లు. మన దగ్గర ఇంటిపేరు ఆధార్‌లో ముందు, పాన్‌లో చివర, బ్యాంకులో ఒక్క అక్షరం. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1, టెన్త్ మెమోలో ఇంకోటి. వయసు తేడా వస్తే క్లెయిము రోజున ప్రీమియం మళ్లీ లెక్కకట్టి మొత్తం తగ్గిస్తారు. టెన్త్ మెమో ఉంటే దాన్నే వయసు రుజువుగా ఇవ్వండి, ఆధార్‌ని ముందు సరిచేయించండి.

మూడోది నామినీ. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీల్లో అమ్మ పేరే ఉండిపోతుంది. నామినీ మైనరైతే అపాయింటీ (మైనరు తరఫున డబ్బు తీసుకునేవాళ్లు) సంతకం తప్పనిసరి.

#7 కొత్తపలక
క్లెయిమ్‌డెస్క్ గారూ, ఓటీపీ కోసం చాలామంది ఏజెంట్లు తమ సొంత నంబరే ఇచ్చేస్తారట కదా. తప్పేనా?

#8 క్లెయిమ్‌డెస్క్
పూర్తిగా తప్పు. ప్రీమియం గడువు మెసేజీ, బోనస్ సమాచారం, నాచ్ బౌన్స్, అన్నీ మీ ఫోనుకే వస్తాయి. 300 మంది మెసేజీలు ఒక్క ఫోనులో వస్తే మీరు చూసేదెన్ని? పైగా ఆ ఓటీపీ అంటే "ఫారంలో ఉన్నదంతా నేను చదివాను" అని కస్టమరు పెట్టే సంతకం. అది మీరు పెట్టినట్టు అవుతుంది. ఫోను లేని ముసలాయన అయితే కొడుకుదో కూతురిదో నంబరివ్వండి, మీది మాత్రం వద్దు.

#9 నల్లమల
అసలు గొడవ తేల్చండి. ఎండోమెంటా (పొదుపు కలిసిన పాలసీ), టర్మా (చనిపోతేనే డబ్బొచ్చే పాలసీ)? టర్మ్ అమ్మితే ఏజెంటుకు కడుపు నిండదు, ఎండోమెంట్ అమ్మితే కస్టమరుకు నష్టం అంటారు. మధ్యలో మనమెటు?

#10 లెక్కలమాస్టారు
అంకెలు చూద్దాం. 30 ఏళ్ల మనిషి, ఏటా 6 లక్షల సంపాదన, ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. ఆదాయానికి పది, పదిహేను రెట్లు అనుకుంటే 60 నుంచి 90 లక్షల కవర్ కావాలి. ఏటా 30,000 కట్టి 20 ఏళ్ల ఎండోమెంట్ తీసుకుంటే కవర్ 6 లక్షల చుట్టూ ఆగిపోతుంది. ఆయన పోతే ఏడాది ఇల్లు గడుస్తుంది, అంతే. సిగరెట్ తాగని ఆ వయసు మనిషికి 50 లక్షల టర్మ్ మామూలుగా పదివేల లోపే వస్తుంది. కాబట్టి ముందు టర్మ్, మిగిలింది పొదుపు. ఎండోమెంట్ రాబడి 5, 6 శాతం మధ్య తిరుగుతుంది, "డబుల్ వస్తుంది" అని నోరు జారొద్దు. బెనిఫిట్ ఇలస్ట్రేషన్‌లో (కంపెనీ ఇచ్చే రాబడి అంచనా పట్టికలో) 4 శాతం, 8 శాతం అని రెండు వరసలు ఉంటాయి. కస్టమరుకు 4 వరసే ముందు చూపించండి. 8 వరస చూపించి కట్టించినవాళ్లు మెచ్యూరిటీ రోజున మొహం చాటేస్తారు.

కమిషన్ తక్కువే, నిజం. కానీ టర్మ్ ఇచ్చిన ఇంటికి మళ్లీ వెళ్లడానికి కారణం ఉంటుంది: పిల్లాడు పుడితే, ఇల్లు కొంటే కవర్ పెంచాలి. అదే ఇంట్లో హెల్త్, బండి బీమా మీ దగ్గరే చేస్తారు.

#11 గోదారిగట్టు
మాస్టారూ, మీ లెక్క సాఫ్ట్‌వేర్ పిల్లాడికి సరిపోతుంది. ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) లేని రైతుకు, ఆటో నడిపేవాడికి 50 లక్షల టర్మ్ ఎవరిస్తారు? ఆదాయ రుజువు అడుగుతారు, చదువు అడుగుతారు. అక్కడ నా పద్ధతి వేరు. ముందు బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా కట్టించండి, చెరో 2 లక్షలు. మీకు పైసా రాదు. తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు రైతుకు రైతుబీమా 5 లక్షలు ఉంటుంది, ఆయన పేరు అందులో ఉందో లేదో, నామినీ ఎవరో చూసిపెట్టండి. ఆ తర్వాతే మీ చిన్న ఎండోమెంట్ గురించి మాట్లాడండి. ఊళ్లో అలాంటివాళ్లకు క్రమం తప్పని పొదుపు అనేది చిట్టీ తర్వాత ఇదొక్కటే, కాబట్టి దాన్ని పూర్తిగా తీసిపారేయను.

#12 లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నా. ఐటీఆర్ సంగతి నేను వదిలేశాను.

#13 ఓరుగల్లుకోట
హెల్త్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మండల కేంద్రంలో పూర్తి పనిగా చేయాలంటే హెల్త్ లేకుండా కష్టం, ఎందుకంటే దీంట్లో రెన్యువల్‌కి కూడా దాదాపు మొదటి ఏడాదంత కమిషన్ ఇచ్చే కంపెనీలున్నాయి. 25,000 ప్రీమియం ఉన్న కుటుంబం, 15 శాతం అనుకుంటే 3,750. నలభై కుటుంబాలు నిలబెట్టుకుంటే ఏటా లక్షన్నర. కానీ రాత్రి రెండింటికి ఫోనొస్తుంది. ఎత్తాలి.

"ఆరోగ్యశ్రీ ఉంది కదా" అనే మాట ప్రతి ఇంట్లో వింటారు. వాదించొద్దు. కార్డున్నవాళ్లు దాన్నే వాడుకోవాలి, మీరే ఆసుపత్రి పేరు చెప్పండి. కార్డు రాని చిరుద్యోగి, కిరాణా వ్యాపారి, ప్రైవేటు స్కూలు టీచరు, మీ కస్టమర్లు వీళ్లు.

అమ్మేటప్పుడు రూమ్ అద్దె పరిమితి ఒక్కటి విడమరచి చెప్పకపోతే మీ పని అయిపోయినట్టే. 5 లక్షల పాలసీలో రూముకు రోజుకు 1 శాతం, అంటే 5,000. ఆయన 8,000 రూములో నాలుగు రోజులున్నాడు. రూమ్ తేడా 12,000 మాత్రమే పోతుందనుకుంటాడు. కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటి చార్జీలన్నీ 5/8 నిష్పత్తిలో తగ్గుతాయి. అవి 1,60,000 అయితే లక్షే ఇస్తారు. మందులు, టెస్టులు, ఇంప్లాంట్లు ఈ కోతలోకి రావు. మొత్తం 72,000 జేబులోంచి. దీన్ని పాలసీ ఇచ్చే రోజే కాగితం మీద లెక్కవేసి చూపించండి, వీలైతే రూమ్ పరిమితి లేని ప్లానే ఇవ్వండి.

2024లో రూల్స్ మారాయి. పాత జబ్బులకు నిరీక్షణ గరిష్ఠంగా మూడేళ్లు, అంతకుముందు నాలుగు. ఐదేళ్లు ఆగకుండా కట్టాక మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారనే కారణంతో క్లెయిము ఆపలేరు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. ఇంకా 18 శాతం ఉన్న పాత కరపత్రాలు పంచుతున్నవాళ్లు కనిపిస్తున్నారు, అవి చించేయండి.

#14 నల్లమల
"మొదటి ప్రీమియం మీరే కట్టండి, తర్వాత మేం చూసుకుంటాం" అంటారు. పక్క ఏజెంటు కడుతున్నాడు. మనం కట్టకపోతే కేసు పోతుంది.

#15 లెక్కలమాస్టారు
పోనివ్వండి. 41వ సెక్షన్ కింద రిబేటు (కమిషన్లోంచి కస్టమరుకు ఇవ్వడం) నేరం, పది లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఉచితంగా వచ్చిన పాలసీకి రెండో ఏడాది ఎవరు కడతారు? పైన చెప్పిన 60, 45, 38 వరస ఇలాంటి పాలసీలదే. వాళ్లు అడిగినప్పుడు ఒక మాట అనండి: "నేను ఇప్పుడు మీకు ఇచ్చేస్తే, రేపు క్లెయిము రోజున మీ ఇంటికి రావడానికి నాకు పెట్రోలు డబ్బులుండవు." సగం మంది నవ్వి ఊరుకుంటారు. మిగతా సగం మీకు అక్కర్లేదు.

#16 క్లెయిమ్‌డెస్క్
దీనికి తోడు రెన్యువల్ డబ్బు నగదుగా తీసుకోవద్దు. కంపెనీ తరఫున వసూలు చేసే అధికారం మామూలు ఏజెంటుకు లేదు. 1997లో హర్షద్ షా కేసులో సుప్రీంకోర్టు దీన్నే తేల్చింది. పాలసీదారు ప్రీమియం చెక్కు ఏజెంటు చేతికిచ్చాడు, ఏజెంటు ఆలస్యం చేశాడు, ఆ మనిషి ప్రమాదంలో చనిపోయాక ఆఫీసులో కట్టాడు. ఏజెంటుకిస్తే కంపెనీకి కట్టినట్టు కాదని కోర్టు అంది. ఊళ్లో "మా ఏజెంటు చేతికిచ్చాం" అనే మాట నేటికీ నడుస్తోంది. కస్టమరు ఫోనులోనే యూపీఐతో కట్టించండి, రసీదు అక్కడే చూపించండి. రెండు నిమిషాల పని.

#17 సిద్దిపేటచెల్లి
అన్నలూ, ఆడవాళ్లకు బీమా సఖి అంటున్నరు కదా, చేరొచ్చా?

#18 ఓరుగల్లుకోట
చేరొచ్చు చెల్లీ. 2024 డిసెంబరు 9న పానిపట్‌లో మొదలైన ఎల్ఐసీ పథకం అది. 18 నుంచి 70 ఏళ్లు, టెన్త్ చాలు. మొదటి ఏడు నెలకు 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 స్టైపెండ్, కమిషన్ అదనం. షరతులు చూసుకో: ఏడాదికి 24 మంది మీద పాలసీలు, బోనస్ కాకుండా 48,000 మొదటి ఏడాది కమిషన్. రెండో ఏడు స్టైపెండ్ రావాలంటే మొదటి ఏడు చేసినవాటిలో 65 శాతం నడుస్తూ ఉండాలి. అంటే చుట్టాలతో పేరుకు కట్టించినవి పనికిరావు. స్వయం సహాయక సంఘంలో ఉన్నదానివైతే మంచిదే, కానీ సంఘం లోనుకు ముడిపెట్టి పాలసీ అమ్మకు. అది పేరు పోగొడుతుంది.

#19 గోదారిగట్టు
చుట్టాల మాట వచ్చింది కాబట్టి. ఎవరికైనా తెలిసిన ఇళ్లు పాతికో ముప్ఫయ్యో ఉంటాయి. ఏడాదిన్నరలో అవి అయిపోతాయి. మానేసేవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. కాబట్టి మొదటి నెల నుంచే తెలియని మనుషుల దగ్గరికి వెళ్లే దారి వేసుకోవాలి: ఒక స్కూలు స్టాఫ్ రూము, ఒక బస్ డిపో, ఒక కూరగాయల మార్కెట్టు. మూడూ చాలు. వారంలో ఒకే రోజు, ఒకే వేళకు కనిపించండి. మొదటి రెండు నెలలు ఎవరికీ అమ్మొద్దు, వాళ్ల పాత పాలసీలు చదివిపెట్టండి. ల్యాప్స్ అయిన బాండు ఇంటికొకటి ఉంటుంది. ఎల్ఐసీలో మొదట కట్టకుండా ఆగిన ప్రీమియం తేదీ నుంచి ఐదేళ్ల లోపు 680 ఫారంతో (ఆరోగ్య ప్రకటనతో), వడ్డీతో రివైవల్ చేయించొచ్చు. ఎవరో రాసిన పాలసీ మీరు నిలబెడితే మీకు రూపాయి రాదు. ఆ స్టాఫ్ రూములో తర్వాతి పాలసీ మాత్రం మీదే.

పుస్తకం ఒకటి పెట్టుకోండి, ఫోను కాదు, పుస్తకం. పేజీకో కుటుంబం. పాలసీ నంబరు, గడువు నెల, నామినీ, పిల్లల వయసు, రోజూ వేసుకునే మాత్రలు. బాండు వచ్చాక 30 రోజుల ఫ్రీలుక్ (నచ్చకపోతే పాలసీ వెనక్కిచ్చే గడువు) ఉంటుంది, ఆ లోపే ఇంటికెళ్లి పేరు, పుట్టిన తేదీ, నామినీ పైకి చదివి వినిపించి అదే పేజీలో తేదీ వేయండి.

#20 బెజవాడబండి
పన్ను సంగతి ఎవరూ చెప్పట్లేదు, నేను చెబుతా. ఏడాదికి కమిషన్ 20,000 దాటితే 2 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20. కోసింది వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. ఇక్కడే తప్పు జరుగుతుంది: చిన్న వ్యాపారాల్లాగా ఐటీఆర్-4లో, అంటే ఆదాయాన్ని అంచనాగా చూపే ఫారంలో వేసేస్తారు. కమిషన్ ఆదాయానికి ఆ అంచనా పద్ధతి వర్తించదు. ఐటీఆర్-3 వేయాలి. పెట్రోలు బిల్లులు, ఫోను బిల్లులు దాచిపెట్టండి, ఖర్చు చూపించడానికి కావాలి.

#21 కొత్తపలక
చాలా విషయాలు తెలిశాయి. చివరగా ఒకటి. క్లెయిము తిరస్కరించాక ఏజెంటు చేయగలిగింది ఏమైనా ఉందా, లేక చేతులెత్తేయడమేనా?

#22 క్లెయిమ్‌డెస్క్
ఉంది. తిరస్కరణ లేఖ రాతపూర్వకంగా తీసుకోండి, అందులో ఏ షరతు కింద తోసిపుచ్చారో ఉండాలి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయించండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లాలి. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాదులోనే. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. ఫిర్యాదు పాలసీదారు పేరునో నామినీ పేరునో ఉండాలి, మీ పేరున కాదు. కాగితాలు సర్దిపెట్టడం మీ పని: బాండు, ప్రపోజల్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, లేఖలు తేదీల వరసలో.

ప్రపోజల్ కాపీ లేకపోతే బాండు వెనక పేజీలు చూడండి, చాలాసార్లు దానికే జతచేసి పంపుతారు. కవర్లోంచి తీసి చూసేవాళ్లు తక్కువ.